గడ్డం తాత పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒకే పేరున్న ఆడవాళ్ళం ఇద్దరం ఉండేవాళ్ళం. ఒకరు మా నాయనమ్మ, రెండోదాన్ని నేను. అత్తగారి పేరు పెట్టి పిలవడానికి మా అమ్మకి నోరు వచ్చేది కాదు కాబట్టి ఇంట్లో అందరికీ నేను బుజ్జినే. న్యూజిలాండ్‌లో, వెల్లింగ్టన్‌లో మేమున్న వీధిలో నన్ను అసలు పేరుతో పిలిచింది పక్కింటి ఆంటీ ఒక్కతే. ఆవిడ కంచె అవతల నుంచి నన్ను కేకేస్తే, మా వంటింట్లోంచి నాయనమ్మ "ఆఁ, వస్తున్నా" అనేది. ఆ తర్వాత ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరికీ స్నేహం అలా కుదిరింది. వాళ్ళ మాటలు అటూ ఇటూ మోయడం నా పని.

పక్కింటి ఆంటీ కివీ, అంటే అక్కడే పుట్టి పెరిగిన న్యూజిలాండ్ మనిషి, రిటైరైన టీచరు. ఆవిడ ముందుగదిలో పొట్టదాకా గడ్డం ఉన్న ఒక ముసలాయన ఫొటో ఉండేది. ఆయన ఆవిడకి ముత్తాత. నార్వే నుంచి ఓడెక్కి వచ్చి, ఉత్తరాన అడవి కొట్టి ఊరు చేసుకున్నవాళ్ళలో ఒకడు. నేను ఆయన్ని గడ్డం తాత అనేదాన్ని. ఆయన సమాధి రాయి మీద పేరు, తండ్రి పేరు, పుట్టిన పల్లె పేరు ఉన్నాయి గాని వయసు లేదు. ఆ కాస్త ఆధారం పట్టుకుని, ఆ పల్లె చర్చి పాత రిజిస్టర్ల ఫొటోలు కంప్యూటర్లో వెతికి వెతికి, ఆంటీ చివరికి ఆయన బాప్తిస్మం నమోదైన పేజీ సంపాదించింది.

ఆ రోజు ఆవిడ సంతోషం చూడాలి. మాకు కేకు చేసి పెట్టింది. నాయనమ్మ అలవాటుగా తన ముక్కలో ముందు కొంచెం తుంచి పళ్ళెం అంచున పెట్టి, తర్వాత నోట్లో వేసుకుంది. మా ఇంట్లో అన్నం దగ్గరా అంతే, మొదటి ముద్ద పక్కన పెట్టేది. కాకులకేమో అనుకునేదాన్ని నేను. వెల్లింగ్టన్‌లో కాకులు లేవు, సముద్రపు పక్షులు ఎగరేసుకుపోయేవి. ఆంటీ చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. ఈస్టరుకి అందరూ గడ్డం తాత సమాధి దగ్గర కలవాలని, ఆయన పుట్టిన తేదీ చెక్కిన ఇత్తడి పలక అక్కడ పెట్టాలని నిశ్చయమైంది. నార్వేలో ఉన్న ఆయన అన్నదమ్ముల తాలూకు వాళ్ళు కూడా టికెట్లు కొనేశారు.

ఈస్టరు దగ్గరకొచ్చాక ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చి, నాయనమ్మతో కలిసి ఆంటీ ఇంటికి వెళ్ళాను. తలుపు గాలికి కొట్టుకుంటోంది. ఆంటీ గడియ వేసుకోలేదు. గోడమీద ఫొటో లేదు. కింద, మొహం గోడవైపు తిప్పి ఆనించి ఉంది.

పలక పనికి ఇచ్చేముందు తేదీ ఇంకోసారి సరిచూద్దామని ఆవిడ ఆ రిజిస్టరు మళ్ళీ తెరిచిందట. ఈసారి చావుల పేజీలు కూడా తిప్పింది. అక్కడ అదే పేరు, అదే తండ్రి, అదే పల్లె. పిల్లవాడు రెండేళ్ళు నిండకుండానే పోయాడు. అక్కడ పోయినవాడు ఇక్కడికెలా వస్తాడు?

"మరి ఈయనెవరు? చచ్చిపోయిన పసివాడి పేరు తగిలించుకుని ఎందుకొచ్చాడు? అక్కడ ఏం చేసి పారిపోయాడో! నేనెవరి మనిషినో నాకే తెలీదు" అంది ఆంటీ. నార్వే వాళ్ళకి ఏ మొహంతో చెప్పాలి, వాళ్ళ ఇంటి బిడ్డ పేరు మావాడు దొంగిలించాడని చెప్పాలా అని చేతులు నలుపుకుంది. ఆ రాత్రికే అందరికీ ఫోన్ చేసి, రావద్దని చెప్పాలనుకుంటోంది.

నిన్నటిదాకా తాత అన్న మనిషి ఒక్క పూటలో దొంగ అయిపోవడం నాకు తట్టుకోలేని విషయమైంది. నాయనమ్మ నా జడ పట్టి లాగింది.

"ఏమయిందే? ఆవిడ మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదేం?"

చెప్పాను. నాయనమ్మ కుర్చీ ఆంటీ పక్కకి జరుపుకుంది.

"ఆవిడకి చెప్పవే. నా పేరు ముందు నాది కాదు, మా అక్కది. నేను పుట్టకముందే, నడకన్నా సరిగా రాకుండా పోయింది. నేను పుడితే, ఈ పిల్లన్నా దక్కాలంటే పుల్లమ్మనో పెంటమ్మనో పెట్టమన్నారంట అందరూ. మా అమ్మ వినలా. పోయిన పిల్లే మళ్ళీ వచ్చిందని అదే పేరు పెట్టుకుంది. ఆ తల్లి కూడా అట్టాగే పెట్టుకుందేమో, ఆ తర్వాతి పుట్టుకల పేజీలు తిప్పి చూడమను."

ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు. తడబడుతూ ఇంగ్లీషులో చెప్పాను. మొదట కనబడిన బాప్తిస్మం దగ్గరే తాను వెతకడం ఆపేసినట్టు అప్పుడు గుర్తొచ్చింది ఆంటీకి. లేచి కంప్యూటరు పెట్టింది.

ఆ రోజుల్లో ఒక్కో పేజీ పైనుంచి కిందికి నింపాదిగా తెరుచుకునేది. గోధుమరంగు సిరా, కోడి గెలికినట్టున్న రాత. ఆ పల్లెలో ప్రతి రెండో పిల్లాడిదీ అదే పేరులా ఉంది. ఆంటీ వేలు ఆగేది, నా గుండె ఆగేది, తండ్రి పేరు వేరని వేలు మళ్ళీ కదిలేది. ఇప్పుడు నా భయం గడ్డం తాత గురించి కాదు, నాయనమ్మ గురించి. దొరక్కపోతే? లేనిపోని ఆశ పెట్టింది మేమే కదా, ఆ మాట చెప్పిన నోరు నాదే కదా! నాయనమ్మ కళ్ళు మూసుకుని కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. కంచె దగ్గర నుంచి అమ్మ "బుజ్జీ" అని పిలిచింది. నేను పలకలేదు.

ఆంటీ వేలు ఒకచోట ఆగింది. ఈసారి కదల్లేదు. పైకి చదివింది. పిల్లవాడి పేరు, తండ్రి, తల్లి, పల్లె. మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత నాయనమ్మ చెయ్యి పట్టుకుని తెర మీద ఆ పేరు దగ్గర పెట్టింది.

"దక్కాడా?" అంది నాయనమ్మ.

"దక్కాడు" అన్నాను. ఆంటీ బావురుమంది. నేనూ ఏడ్చాను, ఎందుకో తెలియకుండానే.

ఏడుపులు అయ్యాక ఆంటీ ఫొటో ఎత్తి గోడకి తగిలించింది. టీ పెట్టి, రొట్టెకి జాము రాసి తెచ్చింది. నాయనమ్మ ఎప్పటిలాగే ఒక చిన్న ముక్క తుంచి పక్కన పెట్టింది. అది ఎవరికని ఆంటీ మొదటిసారి అడిగింది.

"మా అక్కకి. పేరు తీసేసుకున్నాను గదా, ముద్దన్నా పెట్టొద్దూ?"

ఇది ఇంగ్లీషులో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఆంటీకి చెప్పకుండానే అర్థమైంది.

ఈస్టరుకి మేమూ వెళ్ళాం. ఇత్తడి పలక మీద ఒకే పేరు రెండుసార్లు ఉంది, మొదటిది రెండేళ్ళయినా నిండని వాడిది. చెక్కినవాడు పొరపాటు చేశాడా అని నార్వే చుట్టాలు అడిగారు. ఆంటీ అందరి ముందూ ఆ కథ చెప్పింది, మా నాయనమ్మ అక్కగారి సంగతితో సహా. చివర్లో కేకు ముక్క ఒకటి తుంచి రాయి అంచున పెట్టింది.

ఇప్పుడు నన్నే ఆంటీ అని పిలిచే పిల్లలున్నారు. ఎవరి గురించైనా చెడు రుజువైపోయిందని వింటే, ఇంకొక్క పేజీ తిప్పి చూశారా అని అడగాలనిపిస్తుంది నాకు. నాయనమ్మ పోయి చాలాకాలమైంది. ఆమె పేరు ఇప్పుడు నా ఒక్కదానిది. అన్నానికి కూర్చున్నప్పుడు నేను రెండు ముద్దలు పక్కన పెడతాను. ఎవరికమ్మా అని మా అమ్మాయి అడిగితే, నాకంటే ముందు నా పేరుకి పలికినవాళ్ళకి అని చెబుతాను.