కరగాల్సిన తీగ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది మా బోరు మోటరు. తెలంగాణ వచ్చిన కొత్తల్లో మాట ఇది. కట్టంగూరు దగ్గర మా ఊళ్లో కరెంటు ఎప్పుడొస్తుందో, వచ్చినా ఎంతసేపుంటుందో తెలిసేది కాదు. వచ్చినప్పుడు వోల్టేజీ ఉండేది కాదు. మోటరు కాసేపు మూలిగేది, ఫ్యూజు కొట్టేసేది, నీళ్లు ఆగిపోయేవి. మా బాపు తిట్టుకుంటూ పొలానికి పరుగెత్తి ఫ్యూజుకు కొత్త తీగ చుట్టి వచ్చేవాడు. కంచం ముందు కూర్చోగానే మళ్లీ కొట్టేసేది.

వరి పొట్ట మీదున్న రోజుల్లో ఆయనకు ఓపిక పూర్తిగా నశించింది. ఎక్కడిదో ఒక లావుపాటి రాగి తీగ తెచ్చి ఫ్యూజు డబ్బాలో బిగించాడు. "ఇగ ఎట్ల కొట్టేస్తదో నేను జూస్త" అన్నాడు. నిజంగానే ఫ్యూజు మళ్లీ కొట్టేయలేదు. మర్నాడు మోటరే కాలిపోయింది.

బోరులోంచి మోటరు పైకి లాగడమంటే నలుగురి నడుములు విరగాల్సిందే. లాగినవాళ్లంతా విసుక్కుంటూ వెళ్లిపోయారు. మా అమ్మ నెర్రెలిచ్చిన మడి వైపు చూసి, "మోటరును తిట్టుడు అయిపోయిందా?" అని మాత్రం అంది. బాపు కోపం ఇంకా పెరిగింది.

మా మేనత్త భర్త కట్టంగూరులో మోటార్లకు వైండింగ్ చేసేవాడు. కాలిన రాగి చుట్టలు పీకేసి కొత్తవి చుట్టడం ఆయన పని. కాలిన మోటరును ఆటోలో వేసుకుని బాపు ఆయన దగ్గరికి బయలుదేరితే, బడికి సెలవు కాబట్టి నేనూ ఎక్కాను. దారి పొడుగునా బాపు ఆ మామనే తిట్టాడు. నాసిరకం తీగ చుట్టి ఉంటాడని ఆయన అనుమానం.

మామ మోటరు విప్పగానే కొట్టంతా మాడు వాసన నిండింది. లోపలి చుట్టలన్నీ నల్లబడి ఉన్నాయి.

"బావా, నువ్వు జేసిన వైండింగు ఒక్క పంట గూడ ఆగలే" అన్నాడు బాపు.

"ఫ్యూజుల ఏం తీగ ఏసినవ్?"

బాపు గుమ్మం వైపు చూశాడు. నేనే చెప్పేశాను. "రాగి తీగ మామా, మస్తు లావుది."

మామ నెత్తి పట్టుకున్నాడు. "ఎన్నిసార్లు జెప్పాలెరా బామ్మర్దీ? నీ అసుంటోళ్లతోని నాకు పిచ్చి లేస్తాంది. రాగేమన్న వరి లెక్క ఏటా మొలుస్తదా? గుట్టలు తవ్వి, రాళ్లు పిండి జేసి, కొలిమిల కరగబెడితె గింత ఎల్తది. గంత కష్టపడి తీసినదాన్ని నువ్వు బొగ్గు జేసి తెస్తవ్."

అప్పుడూ కరెంటు లేదు. చీకటి కొట్టులో కొవ్వొత్తి వెలుగుతోంది. మామ ఫ్యూజు తీగ ముక్కను పట్కారుతో పట్టి మంటలో పెట్టాడు. అది చూస్తుండగానే మెత్తబడి, బొట్టులా జారి కింద పడింది. "గిది సీసం, తగరం కలిపిన తీగ. జర వేడి తగిలితె సాలు, కరుగుతది. కరుగుడే దీని పని. ఇది కరిగి కరెంటు ఆపితెనే మోటరు బతుకుతది" అన్నాడు. తరువాత ఒక పొట్టి రాగి తీగ తీసి బాపు చేతికిచ్చాడు. "గిది నువ్వు పట్టు."

బాపు పట్టుదలగా మంటలో పెట్టాడు. తీగ కరగలేదు. కాసేపటికి "అబ్బా!" అని దాన్ని విసిరేసి వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు.

మామ ఆ తీగను పట్కారుతో ఎత్తి చూపించాడు. "సూడు, తీగకేం గాలే. కాలింది నీ వేళ్లు. పొలంల గూడ గదే అయింది. తీగ బతికింది, మోటరు సచ్చింది."

నాకు నవ్వు ఆగలేదు. బాపు నవ్వలేదు. గుమ్మంలో కూర్చుని తన వేళ్ల వైపే చూసుకున్నాడు.

మామ మిగతా పనులన్నీ పక్కనపెట్టి సాయంత్రానికి మోటరు సిద్ధం చేశాడు. తెల్లారి తనే వచ్చి, బోరులో దింపించి, సరైన ఫ్యూజు తీగ వేసి వెళ్లాడు. అప్పటికే కింది మడి తాలుపోయింది. పై మడి మాత్రం దక్కింది. ఆ తరువాత కూడా ఫ్యూజు పోయిన ప్రతిసారీ బాపు తిట్టేవాడు. కానీ తిడుతూనే సన్నటి తీగే వేసేవాడు.

ఇప్పుడు ఇల్లు నడిపేది నేనే, ఆ బరువుతో పాటు బాపు కోపమూ నాకు వచ్చింది. మా తమ్ముడు పుస్తకం మూసేసి ఇక చదవనంటాడు. అమ్మ వండుతూ వండుతూ పొయ్యి ఆర్పేసి, నాతోని గాదని మంచమెక్కుతుంది. నాకు చిర్రెత్తుకొస్తుంది. అయినా నోటిదాకా వచ్చిన మాట మింగి, పక్కన కూర్చుంటాను. భారం ఎక్కడ ఎక్కువైందో మెల్లగా అడుగుతాను.

ఆగిపోయిన మనిషిని బలవంతాన నడిపించడం ఆనాటి నుంచి నా చేత కాలేదు.