ఈశ్వరప్ప చెయ్యని ఫోను

ఉరవకొండ పక్క పల్లెల్లో వేరుశనగ పీకినాక వామి, అంటే వాన దిగని పెద్ద కుప్ప, వెయ్యాలంటే ఈశ్వరప్పనే పిలుస్తారు. కాయలు లోపలికి, ఆకు బయటికి ఉండేలా పీకిన మొక్కల కట్టె పేర్చి, పైన ఏటవాలు తీస్తాడు. ముప్పై ఏండ్లలో ఆయన వేసిన వామిలోకి నీళ్లు దిగలేదు. ఎవరూ నేర్పలేదు. చెడిపోయిన వాములు విప్పి చూసి నేర్చుకున్నాడు. ఎప్పుడు వెయ్యాలో కూడా ఆయనే చెప్పాలి. పచ్చి ఆరకముందే వేస్తే లోపల ఉడికి బూజు పడుతుంది.

మొన్న కార్తీకంలో కదిరమ్మ రెండెకరాలు పీకించింది. మొగుడు పోయినాక తానే నిలబడి పండించిన మొదటి పంట. ఈశ్వరప్ప ఒక కట్టె విరిచి చూసి, కాయను చెవి దగ్గర ఆడించాడు.

"ఇంకా ఆరల్ల. శనివారం నేనొచ్చి వేస్తా."

ఆ సందులో సముద్రం చూసొద్దామని బావమరిది గంగాధరప్ప పట్టుబట్టాడు. గుంతకల్లులో రైల్వే పని చేసి రిటైరైనవాడు. "అరవై ఏండ్లొచ్చినాయి, చెరువు నిండితే అదే సముద్రమనుకుంటాండావు. ఒక్క పగలు చూసి వచ్చేద్దాం, రాప్పా."

బుధవారం బయలుదేరేటప్పుడు కోడలు ప్రసూన అంగడి దగ్గరికి ఫోన్ తెచ్చి చూపించింది. "మామా, వాయుగుండం పడిందంట. మన జిల్లాకూ పెద్ద వాన అంటాండారు. కదిరమ్మత్త కట్టె కుప్పేసి పట్ట కప్పిద్దామా?"

అరుగు మీద పదిమంది ఉన్నారు. ఈశ్వరప్ప నవ్వాడు. "సముద్రంలో లేచిన వాన మనదాకా ఎప్పుడొచ్చిందమ్మా? మబ్బు మోడం చూపించి పోతాది. ఫోన్లో చూసి వామి వేసేటట్లయితే నన్నెందుకు పిలిచేది?"

అరుగంతా నవ్వింది. వాన కోసం మొక్కుకోవడమే గాని, వానకు భయపడటం ఆ ఊళ్లో అలవాటు లేదు. ప్రసూన ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది.

గురువారం పొద్దున తెనాలిలో బండి మారి చీరాలలో దిగారు. ఆటోలో ఒడ్డుకు పోయేసరికి పడవలన్నీ ఇసుక మీద బాగా పైకి లాగి ఉన్నాయి. తాళ్లు కట్టిన తీరు నచ్చి ఈశ్వరప్ప వంగి ముడి చూస్తుంటే, పడవ నీడలో కూర్చున్న ముసలాయన పలకరించాడు.

"ఏ ఊరండీ మీది?"

"అనంతపురం పక్క."

"అయితే ఈ వాన మీదేనండి. తెల్లారుగట్ల కింద నెల్లూరు కాడ వాయుగుండం తీరం దాటేసింది. మాకు గాలితో సరి. సాయంత్రానికి మీకు కుమ్మేస్తదంట."

ఈశ్వరప్ప పడమర చూశాడు. మేఘాలు అటే పోతున్నాయి, కింద పొరా, పై పొరా ఒకే దిక్కుకు. అలాంటి పోక ఆయన ఎప్పుడూ చూడలేదు. ముసలాయన మాట నిజమని అర్థమైంది.

టైము తొమ్మిది. నలుగురు మనుషులుంటే రెండెకరాల కట్టె మధ్యాహ్నానికి కుప్ప పడుతుంది. ఫోన్ తీసి ప్రసూన పేరు దాకా వచ్చాడు. అరుగు మీది నవ్వు గుర్తొచ్చింది. తన నోటితోనే కోడలికి చెప్పాలి, ఆ మాట అంగడికి చేరుతుంది. ఫోన్ జోబులో పెట్టేశాడు.

"ఇంటికి చేస్తివా?" అన్నాడు గంగాధరప్ప.

"చేసినా."

ఆ తర్వాత అలలు చూశాడు, వేయించిన చేప తిన్నాడు. ఏదీ రుచించలేదు. నాలుగు గంటలకు తెనాలి స్టేషన్లో ఇక ఉండబట్టలేక ఫోన్ చేశాడు.

"ఇప్పుడే మొదలైంది మామా" అంది ప్రసూన. వెనక రేకుల మీద వాన చప్పుడుకు ఆమె మాట సరిగ్గా వినబడలేదు.

శుక్రవారం ఇంటికి పోకుండా నేరుగా చేనికి పోయాడు. కట్టె నల్లబడి బురదలో అతుక్కుపోయింది. కదిరమ్మ, ఆమె చెల్లెలు రాలిన కాయలు మట్టిలోంచి ఏరుతున్నారు.

"నువ్వు ఊర్లో ఉండింటే ఇట్లయ్యేది కాదు" అంది కదిరమ్మ. "నీదేమి తప్పులేన్నా. ఆ సముద్రం కాడ నీకేం తెల్చు."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.

"తెలిసినాది కదిరమ్మా. నిన్న పొద్దున తొమ్మిదికే తెలిసినాది."

ఆమె చేతులు ఆగాయి. "ఫోను?"

"జోబులోనే ఉండె."

"మరి చెయ్యలేదేమి?"

"పదిమందిలో నవ్వినా కదా. మాట పోతాదని."

కదిరమ్మ కొంగులోని కాయల వైపు చూసింది. "పట్ట మా ఇంట్లోనే ఉండె" అంది. మళ్లీ బురదలోకి వంగుతూ, "నువ్వు పోన్నా. మేము ఏరుకుంటాం."

ఏ చేన్లోనూ ఆయన్ను పొమ్మన్నవాళ్లు లేరు. గట్టు దాకా పోయాడు, ఎక్కలేదు. వాళ్లకు దూరంగా పల్లపు మూల నీళ్లలో కూర్చుని, బురదలో చేతులు పెట్టి కాయలు వెతకసాగాడు. కదిరమ్మ చూసింది. మళ్లీ పొమ్మనలేదు. దగ్గరికి రమ్మనీ అనలేదు.