మొదటి పిలుపుకే తలుపు తీసే పేట

నిరుటిదాకా క్రిస్మసు నాటి తెల్లవారుజామున ఇంట్లో ఏం చేయాలో మాకు తెలియదు. నవ్వకండి. మేము బాప్తిస్మం పుచ్చుకుని ఆరేళ్ళయింది. పాత పండుగలు ఒక్కొక్కటే వదిలేశాం, కొత్తది ఎలా చేసుకోవాలో నేర్పిన పెద్దలు ఇంట్లో లేరు. మిషను దొరగారి బంగళాలో వెలిగించే కొవ్వొత్తులూ, కోసి పంచే తీపిరొట్టెలూ కొత్తపేటలో మగ్గం నేసుకునే నాబోటివాడి ఇంటికి అతకవు. ధనుర్మాసం చలిలో హరిదాసు వీధిలోకి వస్తే మా అమ్మాయి రూతు కిటికీ దగ్గర నిలబడి చూసేది. మన ఇంటికి ఎవరొస్తారు నాన్నా అని ఒకసారి అడిగింది కూడా. చలి వేస్తుందని కిటికీ మూశాను. మా సంఘంలో ఇంకా కొందరికి ఇదే బాధ ఉందని తెలిసి, వచ్చే ఏడు ఓడలరేవు దాకా వెళ్ళి చూడాలనుకునేవారి కోసం మా ప్రయాణం రాసిపెడుతున్నాను.

ప్రయాణానికి అసలు కారణం మాత్రం రూతే. మా వైపు పిల్లలకు మాటలతో పాటే ఒక జాగ్రత్త నేర్పుతారు. చీకటి ఉండగా బయటినుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదు. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు. మనిషి కానిది రెండుసార్లతో ఆగిపోతుంది, పలికినవాళ్ళ ప్రాణం పట్టుకుపోతుంది. మా అమ్మ నాకు చెప్పింది, బతికుండగా నా పిల్లలకూ తనే చెప్పింది. బాప్తిస్మం నీళ్ళు ఎన్ని పోసినా ఇది మాత్రం కడుక్కుపోలేదు. నిరుడు ఆషాఢంలో విశూచి, అదే వాంతిభేది, వచ్చి మా ఐదేళ్ళ యాకోబు పోయాడు. తెల్లవారుతూ పెరటి గడప దగ్గర వాడు పడి ఉండగా చూశాం, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి లేడు. ఏదో పిలిస్తే పలికి బయటికి పోయి ఉంటాడని వీధిలో ఆడవాళ్ళు అన్నారు. ఆ రోజు నుంచి తొమ్మిదేళ్ళ రూతు పట్టపగలు నట్టింట్లో పిలిచినా మూడోసారికి గాని పలికేది కాదు. అన్నానికి పిలిచినా అంతే. ముందు విసుక్కున్నాను, తర్వాత భయపడ్డాను. “కొడుకు పోయాడు, కూతురు సగమే మిగిలిందండీ” అని నా భార్య మార్త ఒకరోజు అంది. ఆ మాట మగ్గం దగ్గర కూర్చున్నా నన్ను వదలలేదు.

కొత్తపేట సంతకు ఎండుచేపలు తెచ్చే సారమ్మ అనే ముసలామె ఉంది. ఆమెది ఓడలరేవు దగ్గర చేపలు పట్టే పల్లెకారుల పేట, మాలాగే ప్రభువును నమ్ముకున్న మనిషి. చుట్టరికం లేకపోయినా అత్తా అని పిలుస్తాం. రూతు సంగతి విని ఆమె చేపల తట్ట పక్కకు జరిపింది. “క్రిస్మసుకి మా పేటకి తీసుకురా బాబూ. మా కాడ ఆ ఒక్క తెల్లారగట్ట ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే తలుపు తీసేత్తాం. అదే మా పండగ” అంది. ఎందుకని అడిగితే, ఇక్కడ చెప్పే మాట కాదంది.

నిరుడు పండుగకు రెండు రోజుల ముందు, కోడి కూయగానే బయలుదేరాం. కొత్తపేట నుంచి అమలాపురం రెండామడలు. బండికి అర్ధరూపాయి అయింది, దారిలో ఎడ్లను రెండుచోట్ల ఆపాలి. గోదావరి మీద ఆనకట్ట లేచాక తవ్విన కాలువల గట్లు కొన్నిచోట్ల ఇంకా మెత్తగా ఉన్నాయి, బండి దిగి నడవక తప్పదు. దీపాలు పెట్టే వేళకు అమలాపురం చేరి, నాతో పాటు సంతలో నూలు కొనే ఒక నేతగాడి అరుగుమీద పడుకున్నాం. సత్రంలో మాబోటివాళ్ళకు చోటుండదు, అడిగి లేదనిపించుకోవడం దేనికి? మర్నాడు వెలుగు రాకముందే లేచి బోడసకుర్రు రేవుకు నడిచాం. పిల్ల నడకకు రెండున్నర గంటలు పట్టింది.

రేవులో మంచు ఎంత దట్టంగా ఉందంటే పడవ ఉందో లేదో తెడ్డు చప్పుడు విని తెలుసుకోవలసి వచ్చింది. మనిషికి అణా చొప్పున మాట్లాడుకుని ఎక్కాం. సముద్రం వెనక్కి తగ్గే పాటు మొదలైంది, గోదావరి పాయ వైనతేయ మమ్మల్ని తనే సముద్రం వైపు లాక్కుపోతోంది. పడవవాడు నడివయసువాడు, మంచి మాటకారి, ఏదో పదం పాడుకుంటున్నాడు. కొంతదూరం పోయాక ఎడమ ఒడ్డునుంచి, “ఓ పడవా!” అని కేక వినిపించింది. పాట టక్కున ఆగింది. పడవవాడు తెడ్డు నీళ్ళలోంచి పైకి తీసి పట్టుకున్నాడు.

“ఎవరో పిలుస్తున్నారు కదయ్యా, పలకవేం?” అన్నాను.

“ఉండండి బాబూ, ఇంకా రెండు ఉన్నాయి.”

“ఓ పడవా!” మళ్ళీ వినిపించింది. ఈసారి కాస్త దగ్గరగా వచ్చినట్టుంది. ఒడ్డు దగ్గరపడలేదు, మేము నది నడుమనే ఉన్నాం. మార్త పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. తెడ్డు చివరనుంచి నీటిబొట్లు పడుతున్న చప్పుడు విన్నాం. మూడో కేక రాలేదు.

“మరి పోదామాండీ?” అని పడవవాడు తెడ్డు వేశాడు. “నిజంగా మనిషే అయితే?” అని అడిగాను. అతను ఇంకో నాలుగు తెడ్లు వేశాడు. “మనిషైతే పిలుత్తాడు కదండీ” అన్నాడు చివరికి. ఆ తర్వాత అతను పాడలేదు. నేను హాస్యానికి ఏదో అనబోయాను గాని, రూతు ఆ ఒడ్డుకేసే చూస్తూ ఉండటం చూసి నోరు మూసుకున్నాను.

పొద్దెక్కి మంచు విడిచేసరికి నది సముద్రంలో కలిసే చోటు కనిపించింది. ఓడలరేవులో దిగి ఇసుకలో అరకోసు నడిస్తే సారమ్మ పేట. ఇరవై పాకలుంటాయి, వలలు ఆరేసి ఉన్నాయి, ఎండుచేపల వాసన ముందే ఎదురొస్తుంది. సారమ్మ తంపటి వేసి కాల్చిన తాటి తేగలు పెట్టింది. పక్క పాకలో ఆమె కోడలు పనసాకు బుట్టల్లో ఇడ్డెన్లలా ఉడికించే పొట్టిక్కల కోసం పప్పు రుబ్బుతోంది. పొద్దుగూకే ముందు మమ్మల్ని పాక ముందు కూర్చోబెట్టి, సంతలో చెప్పని మాట చెప్పింది.

“ఇరవై ఏళ్ళ కిందటి మాట బాబూ. మా ఆయన చేపల ఏటకెళ్ళేరు. ఏరు సంద్రంలో కలిసే మొగలో పడవ తిరగబడింది. అది మాకు తెలవదు. తెల్లారగట్ట, ఇలాంటి మంచే. తలుపవతల ఎవరో సారమ్మా అన్నారు. గొంతు మా ఆయనది కాదు, బొంగురుపోయి ఉంది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మళ్ళీ సారమ్మా అన్నారు. మూడో పిలుపు కోసం కూకున్నాను. రాలేదు. ఆయ్, బతికానురా భగవంతుడా అనుకున్నాను. తెల్లారి తలుపు తీత్తే గడపకాడ పేణం పోయి మా ఆయనే. ఈదుకుంటా వచ్చేరు. ఉప్పునీళ్ళు తాగి గొంతు పోయింది. రెండుసార్లు పిలవడానికే ఓపిక మిగిలింది ఆయనకి.”

 సారమ్మ ఏడవలేదు, ఏడ్చి ఏడ్చి ఆ పని అయిపోయిన మనిషిలా ఉంది. “తరవాత ఉపదేశిగారు వచ్చి ప్రభువు కత చెప్పేరు. ప్రభువు తల్లి, నిండుచూలాలు, గుమ్మం గుమ్మం తిరిగినా ఒక్కరూ తలుపు తియ్యలేదంట. అది విని ఒళ్ళు జలదరించింది. ఆ తెల్లారగట్ట ఇంకెవరి తలుపు మూసుండకూడదని మా పేటంతా ఒట్టేసుకున్నాం. పాటకాళ్ళు గుమ్మం గుమ్మానికీ వచ్చి ఇంట్లో ఒక్కొక్కర్నీ పేరెట్టి ఒక్కసారే పిలుత్తారు. ఆళ్ళు లేచి పలికి తలుపు తియ్యాలి. అప్పుడు అందరూ కలిసి పాడి, పొట్టిక్కలు తింటాం. అంతే బాబూ.”

రూతు ఆమె ముఖం మీదనుంచి కళ్ళు తిప్పలేదు. ఇంత చిన్నపిల్ల ముందు ఈ కథ చెప్పించానే అని నన్ను నేను తిట్టుకున్నాను. పడుకునే ముందు పాటగాళ్ళ పెద్దకు మా ముగ్గురి పేర్లు చెప్పి వచ్చాను. మా అమ్మాయి పలకకపోతే ఏమీ అనుకోకండి అని కూడా చెప్పాను.

తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి పేట ఆ చివర, రేవు వైపు, తప్పెట మోగుతోంది. మా పాక ఈ చివర. వాళ్ళు మా దాకా రావడానికి ఇంకా చాలా వ్యవధి ఉంది. సారమ్మకు చెముడు, నిద్రపోతోంది. తాటాకు తడికల సందుల్లోంచి మంచు లోపలికి వస్తోంది. అప్పుడు తలుపుకు అవతల, బాగా కింద, పిల్లల ఎత్తులో, ఒక గొంతు పిలిచింది.

“పిచ్చికా.”

మా యాకోబు అక్కను పిలిచే పేరు అది. వాడు తప్ప ఎవరూ అలా పిలిచేవారు కాదు. వాడు పోయాక మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. పాటగాళ్ళకు నేను చెప్పిన పేరు రూతు. చీకట్లో మార్త చెయ్యి వెతుక్కుని నా చెయ్యి పట్టుకుంది. తనూ విన్నదని అప్పుడే తెలిసింది.

రూతు లేచి కూర్చుంది. నేనేం చేశానో దాచకుండా రాస్తాను. పిల్ల భయం పోగొట్టడానికి రెండామడలు బండిలోనూ ఆపైన పడవలోనూ తీసుకొచ్చిన తండ్రిని, దాని మణికట్టు గట్టిగా పట్టుకుని, “పలకకు, మూడోసారి రానీ” అన్నాను. అది విదిలించుకుంది. “ఆఁ, వస్తున్నా” అంటూ వెళ్ళి తడిక తోసి బయటికి నడిచింది.

నేను గుమ్మం దాకా వెళ్ళేసరికి బయట మంచు తప్ప ఏమీ లేదు. పిల్ల లేదు. సముద్రపు హోరు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు. రూతూ అని పిలవాలని నోరు తెరిచాను. పిలిస్తే అది మూడోసారికి గాని పలకదు, మొదటి రెండింటికీ ఆ నిశ్శబ్దాన్ని నేను భరించలేను. అయినా పిలిచాను.

“ఆయ్ నాన్నా, ఇక్కడే ఉన్నా.”

మొదటి పిలుపుకే. నాలుగడుగుల దూరంలోనే నిలబడి ఉంది. చలికి వణుకుతోంది గాని, గొంతులో వణుకు లేదు. మార్త పరుగెత్తి వచ్చి కొంగు కప్పింది. “ఎవరూ లేరమ్మా” అంది రూతు. “ఉన్నా లేకపోయినా నేను తలుపు తీశాను.” ఆ తర్వాత తల్లి మెడలో ముఖం పెట్టి, ఆరునెలలుగా మేము ఎవరమూ అడగని సంగతి చెప్పింది. యాకోబును ఏదీ పిలవలేదట. వాడే పెరట్లోకి వెళ్ళాడు, తలుపు మూసుకుని లోపలి గొళ్ళెం పడిపోయింది. బయటినుంచి పిచ్చికా అని రెండుసార్లు పిలిచాడు. రూతు మెలకువగానే ఉంది. నాయనమ్మ చెప్పినట్టు మూడో పిలుపు కోసం ఎదురుచూసింది.

మా పిల్లకు భయం అనుకున్నాం. భయం కాదు. తమ్ముడికి పలకని గొంతు ఇంకెవరికీ పలకకూడదని అనుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల ఇంత బరువు మోస్తుంటే పక్కనే మగ్గం నేసుకుంటూ కూర్చున్నాను, నా కళ్ళు కాలిపోను. వాడి జబ్బు అలాంటిదమ్మా, నువ్వు తీసినా వాడు దక్కేవాడు కాదు అని ఇద్దరమూ చెప్పాం. నమ్మిందో లేదో తెలియదు. ఏడ్చింది, ఆషాఢం తర్వాత అప్పుడే మొదటిసారి. పాటగాళ్ళు వచ్చేసరికి మేము ముగ్గురమూ గుమ్మం బయటే ఉన్నాం. ఇంతకుముందు మీలో ఎవరైనా ఈ వైపు వచ్చారా అని అడిగాను. “లేదండీ, ఆ చివరి పాక నుంచి వరసగా వత్తన్నాం” అన్నాడు పెద్ద. సారమ్మను అడిగితే పొట్టిక్కలు వడ్డిస్తూ, “ఎవరైతే ఏం బాబూ, తలుపు తీసేరు కదా” అంది.

ఆ గొంతు ఎవరిదని నన్ను చాలామంది అడిగారు. దయ్యమని చెప్పడానికి నా విశ్వాసం ఒప్పుకోదు, కల అని చెప్పడానికి మేము ముగ్గురం విన్నాం. నాకు తెలియదు, తెలిసినట్టు రాయను. ఈ ఏడు మా ఇంట్లో కూడా ఆ ఆనవాయితీ పెట్టుకున్నాం. క్రిస్మసు తెల్లవారుజామున నేను వీధిలోకి వెళ్ళి గడప అవతలినుంచి ఒక్కొక్కరి పేరూ ఒక్కసారే పిలిచాను. మార్త పలికింది, రూతు పలికింది. ఇంక లోపలికి వద్దామనుకుంటుంటే మార్త, “వాణ్ణి కూడా పిలవండి” అంది. యాకోబూ అని పిలిచాను.  తర్వాత రూతు, “ఆఁ, వాడి బదులు నేనున్నా నాన్నా” అని తలుపు బార్లా తెరిచింది.

ఇది మీ ఇంట్లోనూ చేసుకోదలిస్తే ఒక్క సంగతి చూసుకోండి. ముందురోజే గడియకూ గొళ్ళానికీ కాస్త ఆముదం రాసి, ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల చేత తీయించి చూడండి. ఆ చేతికి అందకపోతే వడ్రంగిని పిలిచి గొళ్ళెం కిందికి దింపించండి.