కోతల పండుగలో పురుగుల గంప

“స్తోత్రం చెప్పి తిను మే, ఒంటికి పడతాది,” అన్నాడు ఆయన. “ఈ పులిసిన సంగటికి స్తోత్రం ఒకటి తక్కువైంది, నువ్వే చెప్పుకో పో,” అన్నాను నేను. మా ఆలుమగల మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన పలుగు భుజాన వేసుకుని బాగేపల్లి దిక్కున ఎవరిదో బావి తవ్వడానికి పోయాడు. మూడో నాడు బావి గట్టు విరిగి మీద పడిందని కబురు వచ్చింది.

ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్న ఈ మాట ఇప్పుడు ఎందుకు తీస్తున్నానంటే, మొన్న ఆదివారం చిక్కబళ్ళాపురం చర్చిలో కోతల పండుగ చూశాక ఊరుకోలేకపోయాను. అంగట్లో కొన్న ఆపిల్ పండ్లు, వాటి మీద అంటించిన చీటీ కూడా పీకకుండా, మెరిసే కాగితం చుట్టి రిబ్బన్ కట్టి బల్ల మీద పేర్చారు. ఒకాయన మైకు పట్టుకుని కొత్త కారుకు స్తోత్రం, మిద్దె మీద మిద్దెకు స్తోత్రం అని గొంతు చించుకుంటుంటే జనం చప్పట్లు కొట్టారు. థూ అనిపించింది. అది చాలదన్నట్టు ఆ చర్చి పడుచువాళ్ళు ఇంటికి వచ్చి, కష్టకాలంలో కృతజ్ఞత వల్ల సంతోషం ఎట్లా దొరికిందో పెద్దవాళ్ళు చెబితే పుస్తకంలో వేస్తామన్నారు. నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే రాస్తున్నది మా కోడలు, మదనపల్లె పిల్ల. నా ఈడు వాళ్ళారా, ఇది మీకోసమే చెబుతున్నాను, ఎందుకంటే ఆ కాలపు వాసన మీ ముక్కులకే తెలుసు.

అవి అరవైల మొదటి రోజులు, వానలు మొహం చాటేసిన ఏడు. ఆయన పోయాక చంకబిడ్డను వేసుకుని చింతామణిలో పట్టుదారం తీసే కొట్టంలో పనికి చేరాను. ఆ పని చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, చూడనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. మరిగే బానలో పట్టుగూళ్ళు వేసి, ఆ నీళ్ళలోనే చేతులు పెట్టి దారపు కొస వెతికి అందించాలి. గూడు విప్పుకునే కొద్దీ దారం రాట్నం మీదికి పోయేది, లోపలి పురుగు ఉడికి నల్లబడి నీళ్ళలో మిగిలేది. ఆ ఉడికిన పురుగుల కంపు జుట్టులోకి, చీరలోకి, చివరికి తినే ముద్దలోకి కూడా దూరేది. వేళ్ళ తోలు నానిపోయి తెల్లగా ఊడివచ్చేది. అన్నిటికంటే నన్ను చంపిందేమిటంటే, ఆకలికి ఏడ్చే నా బిడ్డే రొమ్ము దగ్గరికి వచ్చి, ఆ కంపుకు ముఖం తిప్పుకుని ఇంకా గట్టిగా ఏడ్చేవాడు. నా ఒళ్ళంటే నాకే అసహ్యం పుట్టింది. ఇక ఆదివారం పూట అక్కడి చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని మేలులకై స్తోత్రం అంటుంటే, ఏ మేలురా నాయనా అని పళ్ళు కొరుక్కునేదాన్ని.

నేను పుట్టుకతో ఆ దేవుణ్ణి ఎరిగినదాన్ని కాను, పెళ్ళయ్యాక మా ఆయన వెంట నమ్మినదాన్ని. మా అన్నకు పేరేసంద్రలో రోడ్డు పక్కన చిల్లర అంగడి ఉండేది. నా గతి చూసి, బిడ్డను తీసుకుని వచ్చేయమన్నాడు, వెనక గది ఇస్తానన్నాడు, కాకపోతే ఆ చర్చి సంగతి అక్కడ ఎత్తకూడదు, వదిన పుట్టింటివాళ్ళు ఒప్పుకోరు అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. నాకూ ఆ షరతు బరువనిపించలేదు. మా ఆయన మీద ఎంత కోపమో, ఆయన నమ్మిన దేవుని మీద అంతకు రెండింతల కోపం. కోతల పండుగ అయిన వెంటనే బస్సెక్కుదాం, చర్చి గేటు దగ్గర ఉంటానని అన్నతో మాటయింది. నాకైతే పండుగకు పోవాలనే ఉండింది, దేవునికి ఒక అప్పగింత మిగిలి ఉండింది మరి.

అప్పట్లో ఆ పండుగకు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి చేతులకు ఏది పండితే అదే తేవాలి, అంగట్లో కొన్నది బల్లెక్కకూడదు. రాగులు, వేరుశనగ, ఉలవలు, కాళ్ళు కట్టిన కోడిపెట్ట, ఏదైనా సరే పాదిరి అయ్యగారు ఒక్కొక్కటి రెండు చేతులా ఎత్తి దాని పేరు చెప్పేవారు, జనమంతా స్తోత్రం అనేవారు. నేను ముందురోజు కొట్టం వెనక పారబోసిన పురుగులను గంపకెత్తుకుని, పైన గుడ్డ కప్పి, తీసుకుపోయి గుమ్మడికాయల పక్కన పెట్టి వచ్చాను. భక్తితో కాదు, ఇదిగో నువ్వు నాకిచ్చింది, నువ్వే పట్టు అని.

గంప దగ్గరికి రాగానే అయ్యగారు గుడ్డ తీశారు. ఈగలు లేచాయి. ముందు వరుసలోని ఆడవాళ్ళు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. సంఘపెద్ద లేచి, “ఎవరమ్మా ఇది తెచ్చింది? బయట పారేసి రాపో!” అని అరిచాడు.

“నా కోత అప్పా,” అన్నాను లేచి నిలబడి. “ఈ యేడు నా సేతులకు పండింది ఇదే. యాడ పారేసేది?”

అయ్యగారు సన్నటి మనిషి, దగ్గు రోగం, గట్టిగా మాట్లాడితేనే ఆయాసం వచ్చేది. నా మొహం చూశారు, గంప చూశారు. వంగి రెండు చేతులా గంప ఎత్తారు. ఎత్తడంతోనే ఆ కంపుకు ఆయనకు డోకు వచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మెడ నరాలు బిగిశాయి. అంత డోకులోనూ గంప దించకుండా, “పట్టు... పట్టుపురుగులకు...” అన్నారు. చర్చిలో ఒక్క నోరు లేవలేదు.

వెనక నుంచి, మా కొట్టంలో నా పక్క రాట్నం తిప్పే ముసలవ్వ గొంతు లేచింది. “పట్టుచీరలు కట్టుకోనొచ్చినారు గదమ్మా, పురుగు పేరెత్తితే నోర్లు పడిపోయినాయా? స్తోత్రం అనండమ్మా!”

అన్నారు. ముక్కులు మూసుకునే అన్నారు. అయ్యగారు ఇంకోసారి డోకి, ఆమేన్ అని గంప కిందపెట్టి, పక్క తలుపు గుండా బయటికి పరుగెత్తారు. నాకు నవ్వు వచ్చింది. మా ఆయన చచ్చిపోయిన తర్వాత నేను నవ్వడం అదే మొదలు. ఆపుకోలేక గోడకు చేరగిలబడి నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. కంపుకొట్టేదాన్ని పరిమళం అని ఒప్పుకుంటేనే స్తోత్రం చెల్లుతుందని అంతవరకు నేననుకున్నాను, అందుకే నాకు నోరు రాలేదు. ఆ మనిషి డోకుతూ కూడా చెప్పాడే, అబద్ధం ఆడకుండానే చెప్పాడే, అది చూశాక నా గుండెలో ముడి ఏదో వదులైంది.

గేటు దగ్గర అన్న నిలబడి ఉన్నాడు. “మూట యాడ పాపా? బస్సు వచ్చేస్తాది.”

“నేను రాలేనన్నా.”

“ఈ కంపులో ఏముండాదని ఉంటావు?”

“ఉండేది కంపేన్నా. దాన్ని ఎత్తి పట్టుకున్నోళ్ళు ఈడ ఉండారు.”

వాడు బిడ్డ చేతిలో బెల్లపు ముక్క పెట్టి వెళ్ళిపోయాడు. గంపను ముసలవ్వ కోళ్ళకని తీసుకుపోయింది, ఆ తర్వాత నా బిడ్డకు గుడ్డు పంపని వారం లేదు. మరునాడు కొట్టంలో కంపు రవ్వంత కూడా తగ్గలేదు. అయితే బాన ముందు కూర్చోగానే అవ్వా నేనూ ముందు థూ అని ఉమ్మి, తర్వాత స్తోత్రం అనేవాళ్ళం. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవాళ్ళం. సంతోషం అంటే నాకు దొరికింది అదే, దానికి ఇంకో పేరు నాకు తెలియదు.

ఇప్పుడు దేనికీ వాసన లేదు. చేతులతో పండించింది తెచ్చేవాడు లేడు, తెచ్చినా ప్లాస్టిక్ కవరు విప్పేవాడు లేడు. ఇష్టమైనవాటికే స్తోత్రం చెప్పి, కానివాటిని ఇంటి దగ్గర దాచిపెట్టి వస్తున్నారు. కారు లేనిది, మిద్దె లేనిది, నాలాంటిది ఎవతైనా వెనక వరుసలో పళ్ళు కొరుక్కుంటూ కూర్చుని ఉంటే, దాని గంప ఎత్తడానికి ఎవరున్నారు చెప్పండి.

చాలు, ఇంక రాయొద్దు అమ్మాయీ. నువ్వు సదువుకున్నదానివి, యాడన్నా మర్యాదకని నా మాట తుడిచి మంచి మాట పెట్టినావేమో, నాకు అనుమానంగా ఉండాది. మొదట్నుంచి ఒకసారి చదివి వినిపించు.