నిలువు గీతలు

మా వీధి చివర రాళ్లను పిండి చేసే క్రషర్ ఉంది. పొద్దున లేచిన దుమ్ము మధ్యాహ్నానికి దిగుతుంది, దిగిన దాన్ని మళ్లీ ఏదో లారీ లేపుతుంది. ఇలాంటి చోట కార్లు తుడవడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఆ పని నీళ్ల మామ ఏళ్ల తరబడి చేస్తున్నాడు.

మామ బావమరిదికి అద్దె కార్ల షెడ్డు ఉంది. దాని పక్కనే బండ్ల సొట్టలు తీసే నా డెంటింగ్ షెడ్డు. మధ్యలో ఉన్నది రేకు గోడ. రేకు గోడ ఎండను ఆపుతుంది గానీ మాటను ఆపదు. అందుకని అక్కడ జరిగేవన్నీ నేను పని చేసుకుంటూనే వింటుంటాను.

బండి మీద చెయ్యి వేసే ముందు మామ పైపు పట్టుకుని పైనుంచి కిందికి తీరిగ్గా నీళ్లు వదులుతాడు. ఆ పేరు అందుకే వచ్చింది. అక్కడి డ్రైవర్లలో ఒకణ్ణి అందరం హారన్ అంటాం. ఎదురుగా కుక్క ఉన్నా, గోడ ఉన్నా హారన్ కొట్టందే వాడికి బండి కదలదు. రోజూ మామను కదిలించడం కూడా వాడికి అలాంటి అలవాటే.

"బండి కడుగుతున్నావా మామా, పొలానికి నీళ్లు పెడుతున్నావా?"

"దుమ్మును తుడవకూడదురా. ముందు దాన్ని పొమ్మనాలి. పోయాక తుడవాలి."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? బండి ఏమన్నా అందా?"

"బండి అనదు. ఎండలో పెట్టి చూడు, అప్పుడు అంటుంది."

మామ మాట నిజం. ఇక్కడి దుమ్ము మట్టి కాదు, రాతి పొడి. దాని మీద పొడిగుడ్డ పెట్టి రుద్దితే ఆ గుడ్డే ఉప్పుకాగితం అవుతుంది. మామ రెండు బకెట్లు పెట్టుకుంటాడు. సబ్బునీళ్లు ఒకదాంట్లో, గుడ్డ జాడించడానికి ఉత్తనీళ్లు రెండోదాంట్లో. ముందు టాప్ తుడిచి, చక్రాల పక్కన ఉండే తలుపుల కింది భాగం చిట్టచివర ముట్టుకుంటాడు. గుడ్డ నేల మీద పడిందా, ఇక ఆ రోజుకు అది చక్రాలకే. ప్రతి జాడింపు తర్వాత గుడ్డ మీద వేళ్లతో ఒకసారి నిమురుతాడు, రేణువు ఉందేమోనని. ఇక బానెట్ తుడవడమంటావా, ముందు అద్దం దగ్గర మొదలుపెట్టి బండి ముక్కు దాకా నిలువుగా, ఒకే లాగు. గుండ్రంగా తుడిస్తే ఖర్మ చాలక ఏదైనా గీత పడినప్పుడు ఎటునుంచి చూసినా మెరుస్తుంది, నిలువుదైతే ఒక పక్కనుంచే కనపడుతుంది. ఇదంతా ఆయనకు ఎవరూ నేర్పింది కాదు. పాడుచేసి, చూసి, మానుకుని నేర్చుకున్నది.

ఈ మధ్య మామ బాగా అలిసిపోతున్నాడు. ఒక బండి కాగానే బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, ఇందాక తుడిచిన బండి మీద మళ్లీ దుమ్ము పడుతుంటే చూస్తూ ఉంటాడు. కోపం కూడా రాదు. కోప్పడడానికి కూడా కాస్త ఓపిక కావాలి కదా.

ఒకరోజు అత్త, అంటే మామ భార్య, కొంగుతో పట్టుకుని టీ గ్లాసు తెచ్చింది. మామ ఉత్త చేత్తో అందుకుని అలాగే పట్టుకున్నాడు.

"కాలట్లేదా మీకు?"

"నీళ్లలో నానిన చేతులే. తోలు మందమైంది."

అత్త ఆ గ్లాసు వంకా, ఆ వేళ్ల వంకా చూసి ఇంటికి వెళ్లింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు బావమరిది నల్ల కారు కొన్నాడు. నలుపు అంటే అద్దమే, ఏదీ దాచదు. ఒక పొద్దున ఏటవాలు ఎండలోకి దాన్ని తీసేసరికి బానెట్ మీద సన్నటి గీతలు తేలాయి. రేకు గోడ అవతల బావమరిది హారన్ మీద అరవడం మొదలుపెట్టాడు.

"సీటు కింద పొడిగుడ్డ పెట్టుకుని దులుపుతావని నాకు తెలీదనుకున్నావా?"

"అన్నా, మిగతా బండ్లయితే దులిపాను, కాదనను. దీన్ని ముట్టుకోలేదు."

"ముట్టుకోకుండానే పడ్డాయా? తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికి పో. ఇక రావద్దు."

హారన్ నోరు మూసుకుపోవడం నేను అదే మొదటిసారి వినడం. వాడికి ఇద్దరు పిల్లలు. ఇంకో షెడ్డు వెతుక్కుందామన్నా, కొత్త బండి గీసేశాడన్న మాట వాడికన్నా ముందే అక్కడికి చేరుతుంది.

పాలిష్ ఎలాగూ నేనే పట్టాలి కాబట్టి నేనూ వెళ్లాను.

"బావా, నువ్వే చూడు వీడి నిర్వాకం" అన్నాడు బావమరిది, మామతో.

మామ ఈ పక్కనుంచి వంగి చూశాడు, ఏమీ కనపడలేదు. ఆ పక్కకు వెళ్లి చూశాడు. అక్కడ ఆగిపోయాడు. అద్దం దగ్గర మొదలై ముక్కు దాకా, నాగలి చాళ్లలా, నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి. ఆ వరస నాకూ కనిపించింది.

మామ తీగ మీద ఆరేసిన గుడ్డ తీసి వేళ్లతో నిమిరాడు. బాగానే ఉన్నట్టుంది. మళ్లీ నిమిరాడు. తర్వాత ఎందుకు తోచిందో, ఆ గుడ్డను పెదవి మీద పెట్టి మెల్లగా లాగాడు. లాగి, కళ్లు మూసుకున్నాడు.

"వాడివి కాదు. నావి" అన్నాడు.

"ఊరుకో మామా, నా మీదే పోనీ. తిట్లు నాకు అలవాటే" అన్నాడు హారన్.

"నువ్వు అంట్లు తోమినట్టు గుండ్రంగా రుద్దుతావు. ఇంత తిన్నగా తుడవడం నీకొస్తే నేను ఎప్పుడో ఇంట్లో కూర్చునేవాణ్ణి." తర్వాత బావమరిది వైపు తిరిగాడు. "గుడ్డలో రేణువుంది. వేళ్లకు తెలియలేదు. ఎన్నాళ్లుగా తెలియడం లేదో నాకూ తెలీదు."

బావమరిది బల్ల మీది తాళాలు తీసి హారన్ చేతిలో పెట్టాడు. తర్వాత మామ పక్కకు వచ్చాడు.

"పోనీ బావా, ఈ నల్లది వదిలెయ్. తెల్లవి చెయ్యి. వాటి మీద కనపడవు."

"కనపడవు. పడవని కాదు" అని మామ గుడ్డను నాలుగు మడతలు పెట్టి బకెట్ అంచున వేసి, ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు ముందు స్టూలు వచ్చింది, అది మోసుకుంటూ అత్త, ఆవిడ వెనక మామ.

"తమ్ముడూ, ఆయనకు చెయ్యి పోయింది. మూతి బాగానే ఉంది" అంది అత్త. "గుడ్డ ఆయన చూస్తారు. తుడిచేది ఎవడో మీరే చూసుకోండి. ఇంట్లో కూర్చోబెడితే నా గిన్నెలన్నిటికీ వంకలు పెడతారు."

తుడిచేవాడు హారనే అయ్యాడు. వాడు జాడించి తెచ్చిన గుడ్డను మామ పెదవికి ఆనించి లాగుతాడు.

"ఇంకోసారి జాడించు."

"ముద్దులు చాలు మామా, అత్త చూస్తోంది."

"తిన్నగా లాగు. అది గోడ కాదు, నువ్వు వేసేది సున్నం కాదు."

బానెట్ గీతల్లో చాలావరకు నేను పాలిష్‌తో తీశాను. రెండు మాత్రం లోతుగా ఉన్నాయి. అవి పోవాలంటే పెయింటే పోవాలి. మామను అడిగాను. "ఉండనియ్, ఉన్న పెయింటును అరగదియ్యకు" అన్నాడు. వదిలేశాను.

నిన్న మధ్యాహ్నం నల్ల కారు పని పూర్తయి ఇంకా తడి ఆరకముందే దుమ్ము లేపుకుంటూ లారీ వెళ్లింది. హారన్ బానెట్ వంక చూశాడు, స్టూలు వంక చూశాడు. మామ కళ్లు మూసుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు.

"పడిందా?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"పడింది."

"నీళ్లు వదులు."