గోడ మింగిన బ్లేడు

బోధన్ శివారులో, ఒకప్పటి చెరకు మడిలో మా ఇల్లు కట్టిన మేస్త్రి, పడమటి గోడ పగిలిందని నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి చెప్పినప్పుడు అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

"పర్రె గోడకు కాదన్నా, నీ దిమాగుకు పడ్డది."

పక్కనే బీడీలు చుడుతున్న నా భార్య కిసుక్కున నవ్వింది. ఆ నవ్వునూ నేను మరిచిపోలేదు.

ఆమె కూర్చునేది ఆ గోడకే ఆనుకుని. కిటికీ వెలుతురు తునికాకు మీద పడేది అక్కడే. గోడ కూలితే ముందు ఆమె మీదే పడుతుంది. లెమ్మంటే, "నువ్వు జర నోరు మూస్తే గోడ గదే నిలవడ్తది" అనేది.

ఎండాకాలమంతా పగులు నేల నుంచి కిటికీ దాకా తెరుచుకుని ఉండేది. చెయ్యి పెడితే లోపలి నుంచి చల్లటి గాలి తగిలేది. అందులో పులిసిన చెరకు రసం వాసన. మేస్త్రి వస్తా వస్తా అంటూ వానలు పడ్డాకే వచ్చాడు. అప్పటికి పగులు మూసుకుపోయింది.

"ఏదన్నా, జూపియ్యి!"

ఇద్దరూ నవ్వారు.

మరుసటి ఎండాకాలం, ఇనుము కోసే రంపం బ్లేడును మళ్లీ తెరుచుకున్న పగుల్లోకి తోశాను. ఎక్కడా అడ్డు తగలలేదు. బెత్తెడు మాత్రం బయటికి ఉంచాను. వానలు మొదలయ్యాక ఒక పొద్దున చూస్తే పగులు లేదు. గీత కూడా లేని గోడలోంచి బ్లేడు పొడుచుకొచ్చి ఉంది. బెత్తెడు కాదు, రెండు వేళ్లంత. ఎవరూ దాన్ని ముట్టలేదు.

ఆ రోజే మేస్త్రిని బండి మీద ఎక్కించుకొచ్చాను.

"గుంజు" అన్నాను.

గోడకు కాలు తన్నిపెట్టి గుంజాడు. రాలేదు. నవ్వుతూనే గోడకు చెవి ఆనించాడు. నవ్వు మెల్లగా ఆరిపోయింది. నేనూ ఆనించాను. లోపల ఎవరో నిద్రలో పళ్లు కొరుకుతున్నట్టు సన్నటి చప్పుడు.

నల్లరేగడి ఎండకు చీలుతుంది, వానకు ఉబ్బుతుంది. అది దాటి, గట్టి మొరం తగిలేదాకా పునాది తవ్వాలని ముగ్గు పోసిన రోజే అతనికి చెప్పాను.

"మొరం దాక తియ్యలే గదా?"

అతను నా భార్య వైపు తిరిగి, "అక్కా, జర ఆడికెల్లి లే" అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె చాట పట్టుకుని చటుక్కున లేచి వాకిట్లోకి పోయింది. ఆ వారంలోనే గోడ విప్పి, మొరం దాకా తవ్వించి మళ్లీ కట్టించాను.

"మేస్త్రి చెప్పవట్టి బతికిన" అని ఆమె ఇప్పటికీ వాడకట్టు ఆడవాళ్లతో అంటుంది. నేను వింటుండగానే.