పిట్టల కాపలాకు పోయిన మా పెళ్లి డిస్కు

ఇంతవరకు నా మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెడితే బొటనవేళ్లు వచ్చాయి, జవాబు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కృష్ణగిరిలో నా పెళ్లి. ఫోటోల వేళ నా భార్య అన్న, అంటే మా బావ, మా నాన్నను కుర్చీలోంచి లేపి తన ఫ్యాక్టరీ మేనేజర్‌ను కూర్చోబెట్టాడు. ఆ పెళ్లి కోసం సగం మంద గొర్రెలు అమ్ముకున్న మనిషి తలపాగా సర్దుకుంటూ పోయి కూలర్ వెనక నిలబడ్డాడు. ఆయన ఇప్పుడు లేడు. బావను ఎప్పుడు అడిగినా ఒకటే మాట: "నేనెప్పుడు లేపినానప్పా? కల గాని కంటివా?"

కానీ వీడియోలో అంతా ఉంది. ఉన్నది ఒక్కటే డిస్కు.

బావ బాగలూరులో ఇల్లు కట్టాడు. గృహప్రవేశం నాడు ఆయన గోడంత టీవీలోనే ఆ డిస్కు వేయాలనుకున్నాను. ముందుగా ఒకసారి చూసుకుందామని లాప్‌టాప్‌లో పెడితే డ్రైవ్ దాన్ని మింగి కూర్చుంది. చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పొడిచినా నోరు తెరవలేదు.

హోసూరులో ఒక రిపేరు అంగడికి తీసుకెళ్లాను. "డ్రైవ్ మార్చప్పా. లోపల డిస్కు ఉండాది, భద్రం" అన్నాను. అంగడాయన చెవిలో ఫోను పెట్టుకుని తలాడించాడు. ఆ తల ఆడించింది ఫోనులో మనిషికని తరువాత తెలిసింది.

వానాకాలమంతా తిప్పించుకున్నాడు. ఈలోగా గృహప్రవేశం అయిపోయింది. నోరు మూసుకుని పాయసం తాగి వచ్చాను. చివరికి లాప్‌టాప్ ఇస్తే, డ్రైవ్ ఉండాల్సిన చోట మూత ఉంది.

"డ్రైవ్ యాడప్పా?"

"ఈ కాలంలో డిస్కు ఎవురు చూస్తారప్పా? ఆ జాగాలో ఎస్‌ఎస్‌డీ, అదే కొత్త మెమరీ, ఏసినాను. స్పీడు చూడు!"

"లోపల డిస్కు?"

"పాత డిస్కులన్నీ మా అత్త తీసకపోతాది. తళిలో టమాటా తోటకు కడతాది, పిట్టలు రాకుండా."

తళి బస్సెక్కాను. తోట నిండా దారాలకు డిస్కులు వేలాడుతూ తళతళలాడుతున్నాయి. పైన రాసిన పేర్లన్నీ వానకు చెరిగిపోయాయి. ప్రతి డిస్కులోకీ తొంగి చూశాను. అన్నింటిలోనూ నా మొహమే.

"ఏం వెతుకుతుండావప్పా?" అంది అంగడాయన అత్త.

"మా పెండ్లి డిస్కమ్మా."

"పెండ్లిదా! అందుకే ఈ పక్క పిట్ట గూడా వాలల్యా. యాది నీదో అదొకటే ఇప్పుకో. అన్నీ ఇప్పితే కాపలా నువ్వు ఉంటావా?"

ఏది నాదో తెలిస్తే కదా. నా రెయిన్‌కోటు ఒక కర్రకు తొడిగి కాపలా పెట్టి, డిస్కులన్నీ సంచిలో వేసుకుని వచ్చాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, వేసి చూడ్డానికి లాప్‌టాప్‌లో డ్రైవే లేదు. బయట తగిలించే డ్రైవ్ తెప్పిస్తానన్న అంగడాయన ఇప్పుడు నా ఫోను ఎత్తడం లేదు.

సంగతి విని బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ పిట్టల్నే సాక్ష్యం పిలువప్పా!"

పిట్టలు పెళ్లికి రాలేదు బావా. నువ్వు వచ్చావు. డ్రైవ్ దొరికినా దొరక్కపోయినా నేను అడిగేది నిన్నే: మా నాన్నను ఆ కుర్చీలోంచి లేపింది ఎవరు? బొటనవేలు పెట్టొద్దు. నోటితో చెప్పు.